ఏటీఆర్ సీటు, మూడేళ్ల బాండ్, లక్ష దాటే ఈఎంఐ

మీరు అడిగింది ఇది: తమ్ముడి కొడుకు సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేసి ఏడాదిన్నరగా ఖాళీగా ఉన్నాడు. ఒక చిన్న ప్రాంతీయ ఎయిర్‌లైన్ ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం మీద కోపైలట్‌గా తీసుకుంటానంది. జీతం తక్కువ, టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి చేయాల్సిన ప్రత్యేక శిక్షణ) ఖర్చు మనదే, పైగా మూడేళ్ల బాండ్. "అక్కడ ఎవరూ రెండేళ్లకు మించి ఉండరు" అని అందరూ అంటున్నారు. ఎందుకు ఉండరు, జీతాలు పెంచి నిలుపుకోవచ్చు కదా, అసలు అబ్బాయిని చేరమందామా వద్దా?

నేను ఏటీఆర్ మీద పంతొమ్మిదేళ్లు ఎగిరాను. బేగంపేటలో మొదలుపెట్టి శంషాబాద్‌లో ముగించాను. చివరి తొమ్మిదేళ్లు ట్రైనింగ్ కెప్టెన్‌ని. పనిచేసినవి రెండు చిన్న కంపెనీలు, రెండింటి పేర్లూ చెప్పను. మా బ్యాచ్‌లో దాదాపు అందరూ ఎయిర్‌బస్సో బోయింగో ఎక్కి వెళ్లిపోయారు, నేను వెళ్లలేదు. కాబట్టి పోయినవాళ్ల బాధా తెలుసు, ఉండిపోయినవాడి లెక్కా తెలుసు.

ముందు జీతం సంగతి. యాజమాన్యాలు పిసినారివి కాబట్టి ఇవ్వవు అనుకుంటే సగమే నిజం. ఏటీఆర్-72లో సీట్లు 70 నుంచి 78 వరకు ఉంటాయి. ఎయిర్‌బస్ ఏ320లో 180, ఆ పైన. రెండింట్లోనూ ముందు కూర్చునేది ఇద్దరే. అంటే ఇద్దరు పైలట్లకూ అదే జీతం ఇస్తే, ఏటీఆర్‌లో ఒక్కో సీటు మీద పడే పైలట్ ఖర్చు ఎయిర్‌బస్ కంటే రెండున్నర రెట్లు ఉంటుంది. ఏటీఆర్ ఇంధనం తక్కువ తాగుతుంది, నిజమే. చిన్న దూరాల్లో దాని బతుకంతా ఆ ఆదా మీదే. ఇంధనంలో మిగిలింది తీసుకెళ్లి పైలట్ జీతంలో పోస్తే ఇక ఏటీఆర్ కొనడం ఎందుకు అని లెక్కలు చూసే ఆయన అడుగుతాడు. మా మొదటి కంపెనీలో ఆయన నన్ను మొహం మీదే అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

దీనికి తోడు టికెట్ ధర. 2016 అక్టోబర్‌లో, చిన్న ఊళ్లకు చవగ్గా విమానాలు నడిపించడానికి, ఉడాన్ పథకం వచ్చింది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో జెండా ఊపిన రోజునే మన కడప–హైదరాబాద్ సర్వీసూ మొదలైంది. గంట ప్రయాణానికి 2,500 రూపాయలని పరిమితి పెట్టి, విమానంలో సగం దాకా సీట్లు ఆ రేటుకే అమ్మమన్నారు. ఆ లోటు పూడ్చడానికి ప్రభుత్వం మూడేళ్ల పాటు సొమ్ము ఇస్తానంది. కడప మనిషికి మేలు జరిగింది, కాదనను. కానీ పైలట్ రేటును నిర్ణయించేది కడప టికెట్ కాదు. దుబాయ్ టికెట్, ఢిల్లీ–ముంబై టికెట్. అదే అబ్బాయి, అదే లైసెన్సు. పెద్ద కంపెనీ ఒక రేటు పెట్టిన మరుక్షణం చిన్న కంపెనీ రేటు దానంతటదే తక్కువైపోతుంది. పాపం, వాళ్లు రూపాయి కోయకపోయినా!

2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలు ఆర్డర్ పెట్టింది. అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500 పెట్టింది. ఆ వార్తలు వచ్చిన రోజుల్లో మా క్రూ రూములో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. అందరూ ఫోన్లలో తలలు దూర్చి సీవీలు దిద్దుకుంటున్నారు.

జీతం ఎంత అన్నది ఒక ఎత్తు, ఎలా లెక్కగడతారు అన్నది ఇంకో ఎత్తు. ఇది బయటివాళ్లకు తెలీదు. నెలకు ఒక స్థిరమైన మొత్తం ఉంటుంది, దానిపైన ఎగిరిన గంటలకు డబ్బు. గంటంటే విమానం బే (నిలిపే చోటు) నుంచి కదిలినప్పటి నుంచి మళ్లీ ఆగేదాకా. మధ్యలో నేల మీద కూర్చున్నది గంట కాదు. మామూలు ఏటీఆర్ రోజు ఒకటి చెప్తాను: హైదరాబాద్ నుంచి రాజమండ్రి, వెనక్కి, మళ్లీ తిరుపతి, వెనక్కి. నాలుగు సెక్టార్లు (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎగిరితే ఒక సెక్టార్), ఒక్కోటి గంట, అటూ ఇటూ. రిపోర్టింగ్ నుంచి ఇంటికి బయలుదేరేదాకా ఎనిమిది గంటల పైమాట, లాగ్‌బుక్కులో పడేది మాత్రం నాలుగు గంటలు. అదే రోజు నా జూనియర్ ఒకడు ఎయిర్‌బస్ మీద దుబాయ్ వెళ్లొచ్చాడు. వాడికి ఎనిమిది గంటల దాకా పడింది, ల్యాండింగులు రెండే. నాకు నాలుగు టేకాఫ్‌లు, నాలుగు ల్యాండింగులు, సగం జమ.

మే నెలలో రాయలసీమలో మధ్యాహ్నం సెక్టార్ అంటే ఏమిటో ఎగిరినవాడికే తెలుసు. జెట్లు మేఘాల పైన 35 వేల అడుగుల్లో హాయిగా పోతుంటాయి. మేము 17–18 వేలల్లో, దిగేటప్పుడైతే వేడిగాలి కుదుపుల మధ్యలోనే. ఏటీఆర్‌కి వేరే ఏపీయూ (నేల మీద కరెంటు, ఏసీ ఇచ్చే చిన్న ఇంజన్) ఉండదు. నేల మీద ఉన్నప్పుడు కుడి ఇంజన్‌నే ప్రొపెల్లర్‌కు బ్రేకు వేసి నడుపుతాం, దాన్ని హోటల్ మోడ్ అంటారు. పేరు వింటే ఏసీ గది గుర్తొస్తుంది, ఎర్రటి ఎండలో కాక్‌పిట్ మాత్రం హోటల్లో వంటగదిలా ఉంటుంది.

ఇప్పుడు అబ్బాయి వైపు నుంచి చూద్దాం. సీపీఎల్‌కి 200 గంటలు ఎగరాలి. బయటి దేశంలో చేసినా ఇక్కడ చేసినా, పరీక్షలు, టైప్ రేటింగ్ అన్నీ కలిపి, 80 లక్షల అప్పు అనుకోండి. పది సంవత్సరాలు, 11 శాతం వడ్డీ వేసుకుంటే నెలకు ఈఎంఐ లక్షా పది వేల చిల్లర. చదువు కాలంలోనూ, ఆ తర్వాత ఏడాదిన్నర ఖాళీగా ఉన్న కాలంలోనూ పెరిగిన వడ్డీ దీంట్లో లేదు. చేతికి లక్షా యాభై వస్తుందనుకుంటే మిగిలేది నలభై వేలు. దాంట్లో గది అద్దె, తిండి, ఏటా మెడికల్. చాలామంది నాన్నలు పొలమో ఫ్లాటో బ్యాంకులో పెట్టి ఉంటారు. మీ తమ్ముడూ పెట్టే ఉంటాడు. ఇలాంటి అబ్బాయి పెద్ద కంపెనీ పిలవగానే వెళ్తే దాన్ని 'విశ్వాసం లేకపోవడం' అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాడు జీతం కోసం పోవట్లేదు, కాగితాలు విడిపించుకోవడానికి పోతున్నాడు.

అయితే ఇన్నేళ్లలో నేను గమనించింది ఒకటుంది. కోపైలట్లు డబ్బు కోసం పోతారు, కెప్టెన్లు రోస్టర్ (ఏ రోజు ఎవరికి డ్యూటీ అన్న పట్టిక) కోసం పోతారు. కంపెనీని ముంచేది రెండో రకమే.

కోపైలట్ పోతే ఇంకో కోపైలట్ దొరుకుతాడు. మన దేశంలో సీపీఎల్ చేసి ఖాళీగా ఉన్నవాళ్లకు కొదవ లేదు, మీ ఇంట్లోనే ఉన్నాడు. కెప్టెన్ అలా దొరకడు. కెప్టెన్‌కి కావాల్సిన పై లైసెన్సు ఏటీపీఎల్‌కి 1,500 గంటలు కావాలి, దానిపైన కమాండ్ (కెప్టెన్ బాధ్యత) ట్రైనింగ్, పరీక్షలు. కెప్టెన్‌ని తయారు చేసేది ఇంకో కెప్టెన్, అందులోనూ ట్రైనర్. నాలుగు విమానాల కంపెనీ అనుకోండి, విమానానికి ఐదు జతల చొప్పున ఇరవై మంది కెప్టెన్లు. అందులో ట్రైనర్లు నలుగురో ఐదుగురో. పెద్ద కంపెనీలో నెలకు ముగ్గురు కెప్టెన్లు పోతే ఎవరికీ తెలీదు. ఇక్కడ ముగ్గురు పోతే, అందులో ఒకడు ట్రైనర్ అయితే, మిగిలినవాళ్ల సెలవులు ఎగిరిపోతాయి, కొత్తవాళ్ల ట్రైనింగ్ ఆగిపోతుంది. కమాండ్ కోసం ఎదురుచూస్తున్న కోపైలట్ "ఇక్కడ మన వంతు రాదు" అనుకుని వాడూ అప్లై చేస్తాడు. చెరువు కట్టకు చిన్న గండి పడ్డట్టే. నీళ్లు పోయేది తర్వాత, ముందు మట్టి కొట్టుకుపోతుంది.

నా మొదటి కంపెనీలో సరిగ్గా ఇదే జరిగింది. ఒక మార్చిలో ముగ్గురు రాజీనామా చేశారు. ఏప్రిల్, మే సెలవులన్నీ రద్దు. నాతోటి కెప్టెన్ ఒకాయన, భీమవరం మనిషి, రెండు నెలల ముందే కూతురి ఓణీల ఫంక్షన్‌కి సెలవు పెట్టుకున్నాడు. ముందు రోజు సాయంత్రం షెడ్యూలింగ్ నుంచి ఫోన్: "సార్, రేపు మార్నింగ్ మీరు తప్ప ఎవరూ లేరు." ఆయన వెళ్లి ఎగిరాడు. తిరిగొచ్చి ఏమీ అనలేదు, గొడవా పెట్టుకోలేదు. ఆ తర్వాతి సోమవారం రాజీనామా కాగితం ఇచ్చాడు. యాజమాన్యం పిలిచి ముప్పై శాతం పెంచుతామంది. "అప్పుడు ఒక్క రోజు ఇవ్వలేదు, ఇప్పుడు ముప్పై శాతం ఎందుకండీ" అన్నాడట. ఆయన వెళ్లిన మూడు నెలల్లో ఇంకో ఇద్దరు వెళ్లారు. ఆ ఇద్దరినీ నేనే ట్రైన్ చేశాను. కోపం రాలేదు, ఆ రోస్టర్ నా చేతిలోనూ ఉంది కదా.

పోకుండా ఆపడానికి మనవాళ్లకు తెలిసిన మందు ఒకటే, కట్టేయడం. అటు బాండ్, ఇటు నోటీస్ పీరియడ్. 2017లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నోటీస్ గడువు కెప్టెన్లకు ఏడాది, కోపైలట్లకు ఆరు నెలలు చేసింది. అంతకుముందు అందరికీ ఆరు నెలలే. పాత కంపెనీ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇస్తేగానీ కొత్తచోట ఎగరలేవు. ప్రయాణికుల సర్వీసులు ఉన్నట్టుండి రద్దవకూడదన్నది దాని వెనక ఉద్దేశం. ఫలితం ఏమైందంటే, మొన్నటిదాకా పోవాలా వద్దా అని ఊగిసలాడే కెప్టెన్ కూడా ఇప్పుడు ముందే కాగితం పడేస్తున్నాడు. ఏడాది తర్వాత పరిస్థితి ఎలా ఉంటుందో, చేతిలో తేదీ ఉంటే మంచిది కదా అని. రైలు టికెట్ ముందుగా బుక్ చేసి పెట్టుకున్నట్టు. ఒకసారి కాగితం ఇచ్చాక మనసు ఆ కంపెనీలో ఉండదు. ట్రైనింగ్ బాధ్యత తీసుకోడు, స్టాండ్‌బైలో ఫోన్ ఎత్తడు, చివరి నెలల్లో మెడికల్ సెలవు. ఏడాది నోటీస్ కంపెనీకి పన్నెండు నెలల పైలట్‌ని ఇస్తుందనుకోకండి. సగం మనిషిని ఇస్తుంది.

కట్లు అంత గట్టిగా ఉన్నా తెంచుకుని పోతారనడానికి 2023 చూడండి. ఆకాశ ఎయిర్‌లో 43 మంది పైలట్లు నోటీస్ గడువు పూర్తి చేయకుండా వెళ్లిపోయారు. కంపెనీ బాంబే హైకోర్టుకు వెళ్లింది, డీజీసీఏ జోక్యం చేసుకోవాలని ఢిల్లీ హైకోర్టుకూ వెళ్లింది. మూసేయాల్సి వస్తుందేమో అన్న మాట కూడా కోర్టులో వచ్చింది. ఆకాశ చిన్న ప్రాంతీయ కంపెనీ కూడా కాదు, బోయింగ్‌లు నడిపేది. ఇక ఏటీఆర్ కంపెనీ సంగతి ఆలోచించుకోండి.

మన రెండు రాష్ట్రాల అనుభవం కూడా గుర్తు చేసుకోవాలి. విజయవాడ నుంచి ఎయిర్ కోస్టా 2013 అక్టోబర్‌లో మొదలైంది. ఎంబ్రేయర్ జెట్లు, చూడముచ్చటగా ఉండేవి. గన్నవరంలో అది దిగుతుంటే మా బంధువులు "మన విమానం" అని గొప్పగా చెప్పుకునేవాళ్లు. సింగపూర్ ఎయిర్ షోలో 50 కొత్త విమానాలకు ఆర్డర్ కూడా పెట్టింది. 2017 ఫిబ్రవరి ఆఖరుకు ఎగరడం ఆగిపోయింది. అప్పట్లో దేశంలో ఎంబ్రేయర్ ఈ-జెట్లతో షెడ్యూల్ సర్వీసులు నడిపేది అదొక్కటే. పైలట్ వైపు నుంచి చూస్తే ఇది రెండు వైపులా పదునున్న కత్తి. అరుదైన విమానం మీద రేటింగ్ ఉంటే పక్క కంపెనీ నిన్ను వెంటనే ఎగరేసుకుపోలేదు, అందువల్ల కంపెనీకి మనుషులు నిలుస్తారు. కంపెనీ పడిపోయిన రోజున అదే రేటింగ్ చేతిలో చిల్లిగవ్వ. మళ్లీ సొంత ఖర్చుతో కొత్త రేటింగ్ చేసుకుని, క్యూలో చివరికి వెళ్లి నిలబడాలి. ట్రూజెట్ 2015 జూలైలో హైదరాబాద్ నుంచి ఏటీఆర్‌లతో మొదలైంది, పైన చెప్పిన కడప ఉడాన్ సర్వీసు నడిపింది వాళ్లే. 2022 ఫిబ్రవరికి ఆగిపోయింది. అయితే ఏటీఆర్ రేటింగ్ ఉన్నవాళ్లకు వేరే తలుపులు ఉన్నాయి. 2017 డిసెంబర్ నుంచి ఇండిగో కూడా ఏటీఆర్‌లు నడుపుతోంది, మొదటిది హైదరాబాద్–మంగళూరు. అలయన్స్ ఎయిర్ ఉంది, 2024 మార్చిలో గోవా నుంచి ఫ్లై91 వచ్చింది. కాబట్టి మీ అబ్బాయికి వచ్చింది ఏటీఆర్ అవడం ఒక రకంగా అదృష్టమే.

ఇండిగో ఏటీఆర్‌లు తెచ్చుకోవడం చిన్న కంపెనీకి రెండో దెబ్బ అని కూడా గమనించండి. ఒకప్పుడు ఏటీఆర్ పైలట్ ఇండిగోకు పోవాలంటే విమానం మారాలి, రేటింగ్ మారాలి. అది కూడా అదే విమానం తెచ్చుకున్నాక సీటు మారితే చాలు, చెయ్యి అలవాటు మారక్కర్లేదు.

"అమెరికాలో ఈ సమస్య తీరిపోయిందట కదా, జీతాలు రెట్టింపు చేశారట" అని మీరు చివర్లో అన్నారు. అది కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే మన యాజమాన్యాలు కూడా దాన్ని అరకొరగా ఉదహరిస్తుంటాయి.

2009 ఫిబ్రవరి 12 రాత్రి న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ అనే ప్రాంతీయ కంపెనీ నడుపుతున్న క్యూ400 (ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానం) ఒక ఇంటి మీద కూలిపోయింది. విమానంలో 49 మంది, నేల మీద ఒకరు చనిపోయారు. వేగం తగ్గి రెక్కలు పట్టు కోల్పోతున్నాయన్న స్టాల్ హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ చేయాల్సిన దానికి వ్యతిరేకంగా చేయడమే కారణమని విచారణ తేల్చింది. జీతం వల్ల కూలిందని ఎవరూ అనలేదు. కానీ ఆ విచారణలోనే దేశానికి ఇంకో సంగతి తెలిసింది. కోపైలట్ వయసు 24, ఉండేది సియాటిల్ దగ్గర తల్లిదండ్రుల ఇంట్లో, డ్యూటీ నెవార్క్ నుంచి. బేస్ దగ్గర ఇల్లు తీసుకోలేని జీతం. ముందు రాత్రంతా సరుకు విమానాల్లో దేశం ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చి, క్రూ లాంజ్‌లో కాస్త నడుం వాల్చి, సాయంత్రం విమానం ఎక్కింది. మృతుల కుటుంబాలు వదల్లేదు. 2010లో చట్టం వచ్చింది, 2013 నుంచి కోపైలట్ సీటుకు కూడా 1,500 గంటలు ఉండాలన్నారు. సైన్యం నుంచి వచ్చినవాళ్లకూ విమానయాన డిగ్రీ ఉన్నవాళ్లకూ కొంత తగ్గింపు ఇచ్చారు.

దాంతో ఏమైంది? గంటకు ఇరవై డాలర్ల ఉద్యోగం కోసం 1,500 గంటలు పోగు చేసుకునేవాడు దొరకలేదు. 2016లో రిపబ్లిక్ ఎయిర్‌వేస్ అనే ప్రాంతీయ కంపెనీ పైలట్ల కొరతను చూపించి దివాలా రక్షణకు వెళ్లింది. గ్రేట్ లేక్స్ అని వయోమింగ్ రాష్ట్రంలోని షైయెన్ కేంద్రంగా ఒక పాత కంపెనీ ఉండేది. తక్కువ గంటలున్న పైలట్లకు అనుమతి దొరికే నిబంధన కిందికి రావడానికి 19 సీట్ల విమానంలోంచి పది సీట్లు పీకేసి తొమ్మిది సీట్లతో నడిపింది. పైలట్ దొరక్క ప్రయాణికుల సీట్లు పీకేయడం! నా ఎరుకలో ఇంతకంటే స్పష్టమైన లెక్కల పాఠం లేదు. 2018 మార్చిలో అదీ ఆగిపోయింది.

ఆ తర్వాత కోవిడ్‌లో పెద్ద కంపెనీలు సీనియర్లను ముందే రిటైర్ చేసి పంపించాయి. ప్రయాణికులు తిరిగొచ్చేసరికి మనుషులు లేరు. 2022 మార్చిలో స్కైవెస్ట్ అనే ప్రాంతీయ కంపెనీ 29 చిన్న ఊళ్లకు సర్వీసు ఆపేస్తానని నోటీసు ఇచ్చింది. ఆ జూన్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత ప్రాంతీయ కంపెనీలు కొత్త కోపైలట్‌కు గంటకు 90 డాలర్లు ప్రకటించాయి. ఆగస్టులో మీసా అనే ఇంకో ప్రాంతీయ కంపెనీ 100 డాలర్లంది. అప్పుడు కోపైలట్లు వరదలా వచ్చారు. వెంటనే కెప్టెన్ల కొరత మొదలైంది, ఎందుకంటే పెద్ద కంపెనీలు వీళ్లను కెప్టెన్ అయ్యేదాకా ఆగనివ్వకుండా ముందే తీసుకెళ్లాయి. నేను పైన చెప్పినదే, డాలర్లలో.

ఆ 90 డాలర్లు ఎక్కడివి? చిన్న ఊరి టికెట్‌లోంచి కాదు. అక్కడ ప్రాంతీయ కంపెనీలు చాలావరకు పెద్ద కంపెనీ రంగు వేసుకుని, పెద్ద కంపెనీ టికెట్ మీద, ఒప్పందం ప్రకారం ఎగురుతాయి. చిన్న ఊరి మనిషిని తెచ్చి పెద్ద విమానంలో కూర్చోబెడితే లాభం పెద్ద కంపెనీకి, కాబట్టి జీతం భారం ఎత్తుకోవడానికి దానికి కారణం ఉంది. వెనక పెద్దన్న ఉన్నాడు. గ్రేట్ లేక్స్ తన కాళ్ల మీద తాను నిలబడి ఎగిరింది, పోయింది. మన ప్రాంతీయ కంపెనీలు ఎక్కువగా గ్రేట్ లేక్స్ లాంటివే. అలయన్స్ ఎయిర్‌కు ఒకప్పుడు ఎయిర్ ఇండియా అనే అన్న ఉండేవాడు. 2022లో ఎయిర్ ఇండియా టాటాల దగ్గరకు పోయింది, అలయన్స్ ప్రభుత్వం దగ్గరే మిగిలింది. అమెరికా జీతం కావాలంటే అమెరికా ఏర్పాటు కూడా కావాలి, అది లేకుండా జీతం ఒక్కటే తెచ్చుకోలేం.

మరి నిలుపుకోవడం అసాధ్యమా అంటే కాదు. నా రెండో కంపెనీ జీతాలు మొదటిదాని కంటే ఏమంత గొప్పగా లేవు. కానీ అక్కడి ఆపరేషన్స్ హెడ్ (ఆయనా ఏటీఆర్ కెప్టెనే) ఒక సంగతి పసిగట్టాడు. మా దగ్గర పెద్ద కంపెనీకి లేని ఆస్తి ఒకటుంది, అది రాత్రి. ఏటీఆర్ పొద్దున బయలుదేరి నాలుగు ఊళ్లు తిరిగి రాత్రికి గూటికి వస్తుంది. ఎయిర్‌బస్ వాడు నెలలో సగం రాత్రులు ఎక్కడో హోటల్లో దిండు వాసన చూసుకుంటూ ఉంటాడు. మా పైలట్‌కి పదింటికల్లా ఇంట్లో పప్పన్నం. అందుకే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇల్లూ పెద్దవాళ్లూ ఉన్నవాళ్లను ఏరి తీసుకున్నాడు. నెల రోస్టర్ ఒకసారి బయటికొచ్చాక మార్చాలంటే తన సంతకం కావాలన్నాడు. ఆ సంతకం కోసం వెళ్లడానికి షెడ్యూలింగ్ వాళ్లు భయపడేవాళ్లు.

ఇంకో పని చేశాడు, దాని మీద యాజమాన్యంతో చాలా గొడవపడ్డాడు. చేరేటప్పుడే అబ్బాయితో కూర్చుని, "నువ్వు పోతావు, నాకు తెలుసు. ఎప్పుడు పోతావో ఇప్పుడే మాట్లాడుకుందాం" అనేవాడు. మూడేళ్లు పూర్తి చేసి, కమాండ్ తీసుకుని, కనీసం ఇద్దరు కొత్తవాళ్లకు దారి చూపిస్తే, ఆ తర్వాత ఎన్‌వోసీ ఆపనని కాగితం మీద రాసిచ్చేవాడు. బాండ్ మొత్తం కూడా నెలనెలా తరిగేట్టు పెట్టాడు. దీంతో జరిగింది ఏమిటంటే, దొంగచాటు ఇంటర్వ్యూలు తగ్గాయి. ఎవరు ఎప్పుడు పోతారో తెలిసింది కాబట్టి వాళ్ల జాగాకు మనిషిని ముందే తయారు చేసుకోగలిగాం. కొందరు తేదీ వచ్చాక కూడా పోలేదు. తలుపు తెరిచే ఉంది కదా, తొందరేముందిలే అని.

నేను ఎందుకు పోలేదంటే, నిజం చెప్పాలి, మొదట అమ్మ కోసం, తర్వాత అలవాటు కోసం. ట్రైనింగ్ అంటే ఇష్టం ఏర్పడింది. నాతో సమానంగా మొదలైనవాళ్ల ఇళ్లు నా ఇంటికంటే పెద్దవి, దాచుకోవడానికేముంది. అప్పు లేని ఇంట్లో పుట్టాను కాబట్టి ఆ ఎంపిక నాకు దొరికింది. మీ తమ్ముడి కొడుక్కి దొరకకపోవచ్చు. నన్ను చూపించి వాడిని ఉండమని చెప్పకండి.

పెద్ద కంపెనీ అంటే స్వర్గమనీ అనుకోవద్దు. పైలట్ల విశ్రాంతి మీద కొత్త నిబంధనలు 2025లో రెండు దశల్లో వచ్చాయి. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. నవంబర్ 1 నుంచి రెండో దశ అమలైంది. డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసుకుంది. అంత పెద్ద కంపెనీకే మనుషులు చాలలేదు. మీరు టీవీలో చూసింది శంషాబాద్‌లో బ్యాగులు పట్టుకుని నిలబడ్డ జనాన్ని. నాకు కనిపించింది, ఆ ఖాళీలు నింపడానికి రాబోయే రోజుల్లో చిన్న కంపెనీల కెప్టెన్లకు రాబోయే ఫోన్లు.

అబ్బాయి విషయానికి వస్తే, చేరమనే నా మాట. ఏడాదిన్నర ఖాళీ అంటే చేతికి పట్టు తప్పుతుంది, ఇంకో ఏడాది పోతే ఇంటర్వ్యూ సిమ్యులేటర్‌లోనే తెలిసిపోతుంది. ఏటీఆర్ మీద రోజుకు నాలుగు ల్యాండింగులు చేసిన చెయ్యి తర్వాత ఏ విమానం ఎక్కినా పనికొస్తుంది. గంటలు వస్తాయి, అదృష్టం బాగుంటే పెద్ద కంపెనీలో కంటే ముందే కమాండ్ వస్తుంది.

కానీ బాండ్ కాగితాన్ని ఇంటికి తెచ్చుకుని, తెలిసిన లాయరుకి చూపించి, అప్పుడు సంతకం పెట్టమనండి. మొత్తం నెలనెలా తరుగుతుందా, లేక ముప్పై ఐదో నెలలో పోయినా మొత్తం కట్టాలా? కంపెనీయే మూతపడినా, మూడు నెలలు జీతం ఇవ్వకపోయినా బాండ్ చెల్లుతుందా? ఈ రెండింటికీ జవాబు నోటి మాటగా కాదు, కాగితం మీద ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఖాళీ చెక్కులు అడిగితే ఇవ్వొద్దు. ఎంత బతిమాలినా ఇవ్వొద్దు. టైప్ రేటింగ్ డబ్బు కంపెనీ చేతికిచ్చేకంటే ట్రైనింగ్ సంస్థకు నేరుగా కట్టగలిగితే మేలు. రేటింగ్ అయ్యాక ఎన్నాళ్లలో లైన్ మీదకు (అంటే ప్రయాణికుల సర్వీసులు నడపడానికి) తీసుకుంటారో, తీసుకోకపోతే జీతం ఎప్పటి నుంచో కూడా రాయించుకోవాలి. రేటింగ్ చేయించి ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చోబెట్టిన సంగతులు నాకు తెలుసు.

సంతకానికి ముందు ఒక రోజు అబ్బాయిని శంషాబాద్ పంపండి. హెచ్ఆర్ దగ్గరికి కాదు. ఆ కంపెనీ యూనిఫాంలో డ్యూటీ దిగి క్యాబ్ కోసం నిలబడ్డ కోపైలట్ ఎవరైనా దొరుకుతారు, టీ తాగుదాం అన్నా అంటే కాదనరు. వాళ్లను మూడు అడగమనండి. పోయిన ఆరు నెలలు జీతం ఏ తారీఖున పడింది? ఈ నెల రోస్టర్ ఎన్నిసార్లు మారింది? ట్రైనింగ్ కెప్టెన్లు ఎంతమంది మిగిలారు? మూడో ప్రశ్నకు వాళ్లు వేళ్లు మడవడం మొదలుపెట్టి ఒక్క చేతి దగ్గర ఆగిపోతే, ఇంటికొచ్చి నాకు ఫోన్ చేయమనండి. అప్పుడు ఇంకోలా మాట్లాడదాం.